మెట్ల మీద జారిన మాట

శుక్రవారం మధ్యాహ్నం హైసమ్ కాస్త నోరు కట్టుకుని ఉంటే ఈ వారం కథ వేరే దారిన నడిచేది. కట్టుకోలేదు. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ వంటింటి వెనక బాల్కనీలో ఉన్న లిథియం బ్యాటరీ వేడెక్కి తనంతట తానే ఆగిపోయింది. దాంతోపాటు తండ్రి షకీబ్ మాస్టారికి ఊపిరి అందించే ఆక్సిజన్ యంత్రమూ ఆగింది. పెద్దాయన పెదాలు నీలంగా మారాయి. మంచం పక్కన దాచిన సిలిండర్ తగిలించి ఆ గండం గట్టెక్కించాక, హైసమ్ మెట్ల మీదికి వచ్చి, నాలుగు అంతస్తుల జనం వింటుండగా, తన చెల్లెలి భర్తా వ్యాపారంలో తన భాగస్వామీ అయిన సఫ్వాన్ మీద విరుచుకుపడ్డాడు. తుక్కు కార్లలోంచి పీకిన పాత సెల్స్‌ని కొత్తవని చెప్పి ఈ పెట్టెలో పెట్టాడనీ, సొంత మామగారి ప్రాణంతోనే ఆడుకున్నాడనీ అన్నాడు. సఫ్వాన్ ఒకసారి తలెత్తి పైకి చూశాడు. తర్వాత దుకాణం తాళంచెవి గుత్తిలోంచి తీసి, మెట్టు మీద పెట్టి, దిగి వెళ్లిపోయాడు.

మీనా పేటలో మాటకు కాళ్లు ఎక్కువ. శనివారం తెల్లారేసరికి రేవు వీధి నుంచి చేపల బజారు దాకా అందరి నోటా అదే. సఫ్వాన్ పెట్టిన బ్యాటరీలన్నీ పాతవేనట, ఇళ్లు తగలబడిపోతాయట. ఈ వార్తను ఇంటింటికీ మోసిన పుణ్యం మాత్రం అబూ దీబ్‌దే. వీధి చివర అతనికో పెద్ద జనరేటర్ ఉంది. సర్కారు కరెంటు సరిగా రాక, ఒకప్పుడు పేటంతా అతని తీగల మీదే బతికేది. జనం మేడల మీద సోలార్ పలకలు పరుచుకున్న దగ్గర్నుంచి అతని మొహం మాడిపోయి ఉంది. శనివారం ఆ మొహం కాస్త విప్పారింది.

ఇక ఆదివారం.

పొద్దున్నే తల్లి నజ్వా తలగుడ్డ కట్టుకుని బయల్దేరింది. హైసమ్ చెల్లెలు లమ్యా రెండు రోజులుగా అన్న ఫోన్ ఎత్తడం లేదు. కూతురి ఇంటికి వెళ్లి చూసొస్తానంది.

"వెళ్లి ఏం చెబుతావమ్మా? వాడు చేసిన పని నువ్వు కళ్లారా చూశావుగా" అన్నాడు హైసమ్.

నజ్వా తలుపు గడియ తీసింది.

"చూశాను" అని వెళ్లిపోయింది.

హైసమ్ తండ్రికి సిలిండర్ తగిలించి, యంత్రం ఆపి, బ్యాటరీ పెట్టె విప్పడానికి కూర్చున్నాడు. ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ పొద్దున అతను వేడి ఎందుకు పుడుతోందో వెతకడానికి కూర్చోలేదు. సఫ్వాన్ తప్పు వెతకడానికి కూర్చున్నాడు. రెండూ ఒకటే పని అనుకున్నాడు. పెట్టె లోపల ఒక చచ్చు సెల్ దొరికితే చాలు, శుక్రవారం అన్న మాటకు వెన్నెముక దొరుకుతుంది. ఆ సెల్‌ని చేత్తో పట్టుకుని మెట్లు దిగి అందరికీ చూపించవచ్చు.

మీటర్ పెట్టి సెల్స్‌ని ఒక్కొక్కటే కొలిచాడు. పదహారూ పదహారే, ఒకే తల్లి బిడ్డలన్నట్టు ఒకే లెక్క చూపించాయి. చుట్టూ ఉన్న నీలం తొడుగు మీద గీత లేదు, ఉబ్బు లేదు. తయారీ గుర్తులు వరసగా ఉన్నాయి. తుక్కు కారులోంచి వచ్చిన సరుకైతే ఒకటి తూర్పు, ఒకటి పడమర అన్నట్టు ఉండేది. ఇవి కొత్తవి.

అతనికి సంతోషం కలగలేదు. అది తనకే ఎబ్బెట్టుగా అనిపించింది.

"దొరికిందా?" గదిలోంచి తండ్రి అడిగాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పిన గొంతు, గొట్టంలోంచి వచ్చినా స్పష్టంగానే ఉంటుంది.

"ఇంకా లేదు నాన్నా."

"వెతికేవాడికి ఏం దొరకాలో ముందే తెలిస్తే అది వెతకడం కాదురా. దాచిపెట్టి తీయడం."

"మీరు మాట్లాడకండి. ఆయాసం వస్తుంది."

"నాకు రాలేదు. నీకే వస్తున్నట్టుంది."

హైసమ్ పళ్లు కొరుక్కుని మళ్లీ వంగాడు. సెల్స్‌ని కలిపే రాగి పట్టీల నట్లు బిగుతుగా లేకపోతే అక్కడ కరెంటు రాపిడి పడి వేడి పుడుతుంది. స్పానర్ పెట్టి ఒక్కో నట్టూ తిప్పి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. సఫ్వాన్ నట్టు బిగిస్తే దాని మీద ఎర్ర సిరాతో సన్నటి గీత గీస్తాడు, కదిలితే గీత విరిగి తెలుస్తుందని. ప్రతి గీతా తిన్నగా ఉంది. లావు తీగల కొసలు చూశాడు. మాడిన వాసన లేదు.

బ్యాటరీని కాపలా కాసే బోర్డు పెట్టె పైభాగంలో ఉంటుంది. ఎక్కువ కరెంటు వచ్చినా, ఎక్కువ వేడి పుట్టినా అదే తలుపులు మూసేస్తుంది. వేడిని పసిగట్టడానికి దానికి నల్లటి పూసలు కొన్ని తీగలకు వేలాడుతుంటాయి. ఆ పూసలే అబద్ధం చెబుతున్నాయేమోనని హైసమ్ ఒక్కోదాన్నీ వేళ్ల మధ్య నొక్కి పట్టుకుని, బోర్డు లెక్కలు చూపించే ఫోన్‌లో అంకె చూశాడు. అంకె మెల్లగా ఒంటి వేడికి ఎక్కింది. టీ గ్లాసులో ముంచి చూశాడు. టీ ఎంత వేడిగా ఉందో అంతే చూపించింది. పూసలు నిజమే చెబుతున్నాయి.

మధ్యాహ్నం కావస్తోంది. పెట్టె మూసి, అన్నీ కలిపి, యంత్రం ఆన్ చేసి, తండ్రిని మళ్లీ దాని గొట్టానికి మార్చాడు. మేడ మీద పలకల నుంచి కరెంటు పూర్తి జోరుతో దిగుతోంది. శుక్రవారం సరిగ్గా ఇలాంటి ఎండలోనే బోర్డు కాగి కాగి ఆగిపోయింది. హైసమ్ ఫోన్ పట్టుకుని అంకెలు చూస్తూ కూర్చున్నాడు. బోర్డు గోరువెచ్చబడి అక్కడే నిలిచిపోయింది. గంట గడిచింది. అంతకు మించి ఒక్క మెట్టు ఎక్కలేదు.

అవే సెల్స్, అవే తీగలు, అదే ఎండ. వేడి మాత్రం లేదు. దీనికి సఫ్వాన్‌ని ఏమనాలో హైసమ్‌కి తోచలేదు.

అప్పుడు పెట్టె నెత్తి మీద చూశాడు. అక్కడ వేడి బయటికి పోవడానికి సన్నటి చీలికలు ఉన్నాయి. రెండు చీలికల్లో తెల్లటి ఉన్ని పోగులు ఇరుక్కుని ఉన్నాయి. పట్టకారుతో లాగితే పొడుగ్గా వచ్చాయి. వాటి పక్కన రంగు మీద గుండ్రటి మచ్చ, దాని అంచున ఎండి పొక్కులు కట్టినదేదో. గోటితో గీకి వాసన చూశాడు. పుల్లగా ఉంది.

పిల్లి పని అనుకున్నాడు. ఇంట్లో పిల్లి లేదు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తట్టారు.

"ఉమ్ హైసమ్, నేనేనమ్మా. ఖాళీ సీసాలు తెచ్చాను."

మూడో అంతస్తు ఉమ్ జమీల్. ఈ పేటలో తల్లిని కొడుకు పేరు ముందు ‘ఉమ్’ చేర్చి పిలుస్తారు. చంకలో ఒక గాజు సీసా, చేతిలో ఒకటి. తలుపు తీసింది హైసమ్ అని చూసి కూడా ఆవిడ తగ్గలేదు. మాట మొదలైతే మధ్యలో ఆపడం ఆవిడకి చేతకాదు.

"నువ్వా నాయనా. అమ్మ లేదా? పోనీలే, ఇవి లోపల పెట్టు. శుక్రవారం తోడుపెట్టింది పాడైపోయిందందిగా, ఇవాళన్నా దొరుకుతుందేమోనని వచ్చా. మీ అమ్మ లబ్నె తిన్నాక మా ఇంట్లో కొట్లో కొన్న గట్టి పెరుగు ఎవరూ ముట్టుకోవట్లేదు. గుడ్డలో కట్టి ఎంతసేపు వేలాడదీస్తుందో ఏమో, ఉండ చేస్తే వెన్నముద్దే. నూనెలో వేస్తే నెల్లాళ్లున్నా చెక్కుచెదరదు. మా చెల్లెలు కూడా అడుగుతోంది, డబ్బు ముందే ఇస్తానంటోంది."

"డబ్బా?"

"ఊరికే ఇస్తుందా ఏంటి పాపం. పాలు ఊరికే వస్తున్నాయా? అయినా ఆ కరెంటు పెట్టె మీద తోడుపెట్టాలన్న ఉపాయం చూడు, ఎంత చదువుకున్నదానికైనా తడుతుందా..."

అక్కడ ఆవిడ హైసమ్ మొహం చూసింది. చూసి, చేతిలో సీసాని గట్టిగా పట్టుకుంది.

"నీకు తెలీదా?"

హైసమ్ ఆవిడ చేతిలోని సీసా వంక చూశాడు.

"అయ్యో నా నోరు కాలిపోను. ఈ మేడలో ఆడవాళ్లందరికీ తెలుసు కదా, నీకూ తెలుసనుకున్నా. నేను రాలేదనుకో నాయనా. నేనసలు మెట్లే ఎక్కలేదనుకో."

సీసాలు రెండూ గుమ్మంలో దించి, చెప్పులు టపటపలాడించుకుంటూ దిగిపోయింది.

హైసమ్ ఆ సీసాలు తీసుకుని బాల్కనీలోకి వచ్చి కూర్చున్నాడు. ఆ పెట్టె మీద ఏం జరిగిందో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. పాలు కాచి, తోడువేసి, గిన్నెకి ఉన్ని దుప్పటి చుట్టి, వెచ్చగా ఉంది కదా అని పెట్టె నెత్తిన పెట్టారు. చీలికలు మూసుకుపోయాయి. ఎండ జోరెక్కగానే బోర్డు కాగింది, ఆ వేడి పోయే దారి లేక తిరిగి దాని మీదే పడింది. చివరికి పాపం బోర్డు తన పని తాను చేసింది, తలుపులు మూసేసింది. సెల్స్ తప్పు లేదు. సఫ్వాన్ తప్పు లేదు. సిగ్గు మొదట అతని చెవుల్లో వేడిగా తగిలింది.

తల్లి వచ్చేసరికి అతనింకా అక్కడే ఉన్నాడు. నజ్వా తలగుడ్డ విప్పుతూ వంటింట్లోకి వచ్చింది. ముందు సీసాలు చూసింది. తర్వాత కొడుకు వేళ్ల మధ్య ఉన్న ఉన్ని పోగు చూసింది.

"తలుపు వెయ్యి. మీ నాన్న వింటాడు" అంది.

హైసమ్ తలుపు వేశాడు. ఆమె బట్టలుతికే పీట మీద కూర్చుంది. ఇన్నేళ్లలో తల్లి తన ముందు అలా, తప్పు చేసిన పిల్లలా మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చోవడం అతను చూడలేదు. అది చూడలేక గోడవైపు తిరిగాడు.

"మీ నాయనమ్మ దుప్పటి అది. ఉన్ని రాలుతోందని తెలుసు, పారెయ్యబుద్ధి కాలేదు" అంది.

"ఎందుకమ్మా దీని మీద?"

"పొయ్యి మీద వెచ్చచేస్తుంటే గ్యాసు ఐపోతోంది. గదిలో పెడితే ఈ చలికి తోడుకోదు. ఇదేమో పొద్దస్తమానం వెచ్చగా ఉంటుంది. చిటికెన వేలు పెట్టి చూశా, మా అమ్మ నేర్పిన వెచ్చన ఉంది చూడు, సరిగ్గా అదే. అయినా నువ్వేగా అన్నావు, బిగించిన రోజున. దీని మీద కాఫీ పెట్టుకు తాగినా భయం లేదమ్మా అని నలుగురి ముందు గొప్పలు పోయావు."

అన్నాడు. ఆ రోజు కొత్త పెట్టె మీద చేత్తో చరిచి మరీ అన్నాడు. హైసమ్‌కి అది ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

"కాఫీ కప్పు వేరు, దుప్పటి చుట్టిన పాలగిన్నె వేరమ్మా. దాని ఊపిరి మూసేశావు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

నజ్వా తలగుడ్డ కొసని వేలికి చుట్టుకుంది, విప్పింది.

"సఫ్వాన్ చెప్పాడు."

హైసమ్ ఇటు తిరిగాడు.

"పోయిన నెల నువ్వు జహ్లె ఊరు వెళ్లినప్పుడు కూడా ఇది ఒకసారి ఆగిపోయింది. నేనే పిలిచా. వచ్చి దుప్పటి తీసి చూశాడు. అత్తయ్యా, మీ పెరుగు మా బ్యాటరీని ఉడకబెట్టేస్తోంది అని నవ్వాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అమ్ముతున్నానని అతనే అర్థం చేసుకున్నాడు, వరసగా సీసాలు చూసి. నేనేం అడక్కుండానే, ఎవరికీ చెప్పను, హైసమ్‌కి కూడా చెప్పను అన్నాడు. వారం తిరక్కుండా చెక్కపెట్టె చేసి తెచ్చాడు. లోపల చిన్న బల్బు, పైన మూత. ఇందులో పెట్టుకోండి అత్తయ్యా, దాని జోలికి పోకండి అన్నాడు. నా మంచం కింద ఉంది చూడు."

"మరి శుక్రవారం?"

"అందులో ఒక గిన్నే పడుతుంది. శుక్రవారం రెండు గిన్నెల పాలు వచ్చాయి. ఒక్కరోజుకేం అవుతుందిలే అనుకున్నా. నువ్వు సిలిండర్ తగిలిస్తుంటే గిన్నె, దుప్పటి తీసి దాచేశా."

ఆమె అక్కడితో ఆపలేదు. ఎలాగూ గుడ్డ విప్పాక మొత్తం చూపించేయాలన్నట్టు మాట్లాడింది.

"నువ్వు మెట్ల మీద అరుస్తున్నప్పుడు నేను పై గుమ్మంలో ఉన్నా. అతను తలెత్తి నా వంక చూశాడు. నోరు తెరిచి అడగలేదు. చూశాడంతే. నేను ఒక్క మాటంటే అయిపోయేది. ముఖం పక్కకి తిప్పుకున్నా హైసమ్. నా అల్లుణ్ణి నా కళ్ల ముందే దొంగని చేస్తుంటే నా పరువు చూసుకున్నా. పొద్దున లమ్యా ఇంటికి చెబుదామనే వెళ్లా. వీధి మలుపు దాకా పోయి, ఆ రాళ్ల మీద కూర్చుని కూర్చుని తిరిగొచ్చా. తలుపు కూడా తట్టలేదు."

హైసమ్‌కి కోపం తెచ్చుకోవాలనిపించింది. కోపమైతే తేలిక. అది రాలేదు.

"నేనిచ్చేది సరిపోవట్లేదని ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడిగేవాడివి. నెలనెలా అడిగేవాడివి, కాదన్ను. ఫోన్ చూసుకుంటూ, సరిపోతోందా అమ్మా అనేవాడివి. సరిపోతోందనే మాటే నీకు కావాలని తెలిసేది. అదే చెప్పేదాన్ని. నా ఆయుష్షు పోసుకుని బతకరా నాయనా, నీకు ఉన్న బరువులు చాలవా?"

తండ్రి జీవితమంతా కూడబెట్టింది, దేశంలో బ్యాంకులు చెల్లింపులు ఆపేశాక, అక్కడే చిక్కుకుని ఏళ్లయింది. కాగితం మీద ఉంది, చేతికి రాదు. ఈ సంగతి హైసమ్‌కి తెలుసు. మందుల ధర తెలుసు. కాఫీ హోటల్లో కూర్చుని, మా అమ్మానాన్నలకి ఏ లోటూ లేదని చెప్పడం కూడా తెలుసు. ఆ లోటు ఈ బాల్కనీలో గిన్నెలో తోడుకుంటుంటే అతను అటు వచ్చి బట్టలు ఆరేసి ఉన్నాయా అని కూడా చూడలేదు. మేడలో ఆడవాళ్లందరికీ తెలిసింది కొడుక్కి తెలియలేదు. మెట్ల మీద తను నీతులు వల్లిస్తున్నప్పుడు వాళ్లంతా తనని ఎలా చూసి ఉంటారో తలుచుకుంటే ఒళ్లు చచ్చిపోయింది.

"సఫ్వాన్ కాళ్లు పట్టుకుంటాను" అన్నాడు.

"పట్టుకో."

"జనానికి ఏం చెప్పను?"

ఇదే అసలు చిక్కు. సఫ్వాన్ మంచివాడని చెప్పాలంటే వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. అది చెబితే షకీబ్ మాస్టారి భార్య సీసాలు అమ్ముకుంటోందని చెప్పినట్టే. తండ్రి సంగతి వాళ్లిద్దరికీ తెలుసు. ఒకప్పుడు తోటి మాస్టారు పోతే, ఆయన భార్య గంపలో మిఠాయిలు పెట్టుకుని తిరగబోయింది. మనమంతా ఉండగా ఆవిడ ఇల్లిల్లూ తిరగడమేమిటని షకీబ్ మాస్టారు గడప గడపకీ వెళ్లి చందాలు పోగుచేసి, గంప తనే వెనక్కి పంపించాడు. ఆ మాటను పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఆయనకి మాత్రం తెలియకూడదురా. ఆ యంత్రం ఆగినా బతుకుతాడేమో గానీ, ఇది తట్టుకోలేడు" అంది నజ్వా.

హైసమ్ బుర్రలో అప్పటికే ఒక ఉపాయం మొలిచింది. నట్టు. ఒక నట్టు వదులైందని చెబితే చాలు. సెల్స్ కొత్తవే, నట్టు వదులైంది, బిగించేశాను. సఫ్వాన్ దొంగ కాదని తేలిపోతుంది, అమ్మ పేరు రాదు. ఎంత పొందికగా ఉందో. ఎర్ర గీతలు తిన్నగా ఉన్న సంగతి ఎవరికి తెలుసు?

ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు, మాటల రొద. ఆ రొదలోంచి అబూ దీబ్ గొంతు పైకి లేచింది.

"ఇక్కడే అడుగుదాం, మొదలైన చోటే తేల్చుకుందాం."

హైసమ్ తలుపు తీసి బయటికి వచ్చాడు. కింది మలుపు దాకా జనం. ఇళ్లల్లో బ్యాటరీలు పెట్టించుకున్నవాళ్లు సగం, తమాషా చూడ్డానికి వచ్చినవాళ్లు సగం. పక్కన గుమ్మంలో ఉమ్ జమీల్, ఇంకొందరు ఆడవాళ్లు. కింది జనం మధ్య పనిముట్ల సంచీ భుజాన వేసుకుని సఫ్వాన్. రెండు రోజుల గడ్డం మాసి ఉంది. హైసమ్ వంక చూడలేదు.

"నేను పెట్టిన ప్రతి పెట్టే విప్పి చూపిస్తానని చెప్పాను. అనుమానం ఉన్నవాళ్లవి తీసేస్తాను. నేను పెట్టిన సరుక్కి పూచీ నాదే" అన్నాడు సఫ్వాన్ మెల్లగా, అందరితో.

"పూచీ సంగతి తర్వాత. ముందు ముసలాయన బ్యాటరీ ఎందుకు కాగిందో చెప్పు" అన్నాడు అబూ దీబ్.

సఫ్వాన్ సంచీ పట్టీ సర్దుకున్నాడు.

"నోరు లేవదు చూశారా. ఇదిగో, హైసమే వచ్చాడు. పొద్దుణ్ణుంచి విప్పి కూర్చున్నావటగా నాయనా. చెప్పు, ఏం దొరికింది?"

అన్ని తలలూ పైకి లేచాయి. శుక్రవారం తను నిలబడ్డది ఈ మెట్టు మీదే. అప్పుడు మాటలు వాటంతటవే వచ్చాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ ఏరుకోవాల్సి వచ్చింది.

"సెల్స్ కొత్తవే. పదహారూ కొత్తవే. నేను పొరబడ్డాను" అన్నాడు.

గుసగుసలు బయల్దేరాయి. సఫ్వాన్ మొదటిసారి తలెత్తాడు.

"అయితే వేడి ఎందుకొచ్చింది?" అబూ దీబ్ వదిలే రకం కాదు.

"ఒక నట్టు వదులైంది. బిగించాను. అంతే."

అనేశాడు. అనగానే గుండె తేలికపడింది. ఆ తేలికే అతనికి అన్నిటికన్నా అసహ్యంగా తోచింది, అయినా తేలికగానే ఉంది.

"మరి ఆ నట్టు బిగించిందెవరు?"

ఈ ప్రశ్న హైసమ్ అనుకోలేదు. పొద్దున నుంచి అంత లెక్క వేసినవాడు ఈ చిన్న లెక్క వేసుకోలేదు. సఫ్వాన్ అతని వంక చూశాడు, తర్వాత అతని వెనక సగం తెరిచి ఉన్న తలుపు వంక చూశాడు. అంతా అర్థమైనట్టుంది.

"నేనే బిగించాను. సరిగా బిగించలేదు. తప్పు నాదే" అన్నాడు.

హైసమ్ అప్పుడైనా కాదనాలి. కాదనలేదు. తల్లి ఏ పని చేశానని లోపల కుమిలిపోయిందో, అదే పని, అదే మెట్ల మీద, అతనూ చేశాడు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"విన్నారుగా. పాత సెల్ అయితేనేం, వదులు నట్టు అయితేనేం, ఊపిరాడక కొట్టుకున్నది ఆ పెద్దమనిషే. రేపు మీ ఇళ్లల్లో పిల్లలు" అని అబూ దీబ్ జనంవైపు తిరిగాడు. "అదే నా జనరేటర్ అయితే..."

"నట్టూ లేదు, బోల్టూ లేదు."

హైసమ్‌ని భుజంతో పక్కకి జరిపి నజ్వా ముందుకొచ్చింది. తలగుడ్డ సగం విప్పింది విప్పినట్టే ఉంది. మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకుని రెండు మెట్లు దిగింది, ఆగింది.

"ఆ పెట్టె నెత్తిన నేను పాలగిన్నె పెట్టి దుప్పటి కప్పాను. దానికి ఊపిరాడక ఆగిపోయింది. వద్దని సఫ్వాన్ ముందే చెప్పాడు, నేను వినలేదు. శుక్రవారం నా కొడుకు ఇతన్ని నానా మాటలూ అంటుంటే నిజం నాకు తెలుసు, ఇతనికీ తెలుసు. నా పరువు కోసం ఇతను నోరు మూసుకున్నాడు. నా పరువు కోసం నేనూ మూసుకున్నాను."

ఉమ్ జమీల్ నేలకేసి చూస్తోంది.

"అత్తయ్యా, వద్దు. లోపలికి వెళ్లండి" అన్నాడు సఫ్వాన్.

"ఉండు నాయనా, అయిపోలేదు. పాలు ఎందుకని ఎవరూ అడగరేం? ఆడవాళ్లందరికీ తెలుసు, మగవాళ్లు కూడా వినండి. లబ్నె చేస్తున్నాను. సీసాలకెత్తి అమ్ముతున్నాను. షకీబ్ మాస్టారి భార్యని, అమ్ముకుని ఇల్లు నడుపుతున్నాను."

హైసమ్ వెనక తలుపు కిర్రుమంది. ఆక్సిజన్ గొట్టం గచ్చు మీద వదిలేసి, గోడ పట్టుకుని, షకీబ్ మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పెదాలు అప్పుడే నీలం తిరుగుతున్నాయి. కొడుకు పట్టుకోబోతే చేయి విదిలించాడు. ఆయన కళ్లు మెట్ల మీద తన వైపు వీపు పెట్టి నిలబడ్డ భార్య మీదే ఉన్నాయి.

"నజ్వా" అన్నాడు, తరగతిలో వెనక బల్లకి వినిపించే గొంతుతో. "ఇటు తిరిగి, ఆ మాట నాతో చెప్పు."